పదవి వీడిన ప్రతిసారీ పాత మిత్రుల చెంతకే: వి.వి. గిరి జీవితంలో ఖరగ్‌పూర్

ఖరగ్‌పూర్: హౌరా వైపు సాగే రైలు ఇక్కడ ఆగినప్పుడు ప్లాట్‌ఫాంపై తెలుగు మాట వినబడితే కొత్త ప్రయాణికుడు ఆశ్చర్యపోతాడు. ఊరివారికి అది వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన నాటి నుంచి గంజాం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు పనుల కోసం తరలివచ్చి నింపురా, మథురాకాటి వంటి రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడ్డారు. దేశ నాల్గవ రాష్ట్రపతి వరాహగిరి వెంకట గిరికి కార్మికోద్యమంలో తొలి మిత్రబృందం దొరికింది ఈ రైల్వే కార్మికులలోనే.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. 1913లో న్యాయశాస్త్ర విద్యకు డబ్లిన్ వెళ్లిన గిరి అక్కడి స్వాతంత్ర్య పోరాటానికి, ముఖ్యంగా కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ భావాలకు ఆకర్షితులయ్యారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత కానలీని కాల్చిచంపారు. అదే ఏడాది గిరి స్వదేశానికి తిరిగివచ్చారు. చేతిలో బారిస్టరు పట్టా ఉన్నా మనసు మాత్రం కార్మిక సంఘాల వైపే మొగ్గింది.

బరంపురం మీదుగా పోయే రైలుమార్గం కూడా బెంగాల్ నాగపూర్ కంపెనీదే. అందువల్ల ఆ కంపెనీ కార్మికుల కష్టసుఖాలు గిరికి ఇంటిముందరి విషయాలు. కార్మికోద్యమ పెద్ద ఎన్.ఎం. జోషి సాహచర్యంలో ఆయన 1920ల ఆరంభం నుంచి రైల్వే సంఘాల నిర్మాణానికి పూనుకున్నారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఒకరై, పదేళ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులోని తెలుగు కార్మికులకు దుబాసీ అవసరం లేకుండా తమ గోడు చెప్పుకోగల నాయకుడు దొరికాడు.

ఆ స్నేహానికి అసలు పరీక్ష 1927లో ఎదురైంది. ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్‌లో సమ్మె మొదలైంది. స్టేషనులో కార్మికులపై బలప్రయోగం జరిగింది. యూనియన్ నాయకుడు డబ్ల్యూ.వి.ఆర్. నాయుడు వంటి సహచరులు నిర్బంధాన్ని ఎదుర్కొన్నారు. ఆ ఏడాదే గిరి అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా జెనీవా వెళ్లివచ్చారు. సెప్టెంబరులో వర్క్‌షాపులో భారీ తొలగింపులు, ఆ వెంటనే లాకౌట్. సుమారు మూడు నెలల పాటు జీతాలు లేవు. కంపెనీ క్వార్టర్లో కాపురముండే కుటుంబానికి కొలువు పోతే గూడు కూడా పోతుంది. అంతటి భయం నడుమ పోరాటం ప్రధానంగా అహింసామార్గంలోనే సాగింది. చివరకు తొలగింపుల విషయంలో యాజమాన్యం, ప్రభుత్వం కొంత దిగిరాక తప్పలేదు.

మిత్రుల మధ్య కూడా చీలికలు వస్తాయి. 1929లో నాగపూర్‌లో జరిగిన ఏఐటీయూసీ మహాసభలో విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలా, వద్దా అన్న అంశం పెద్ద వివాదమై జోషి, గిరి తదితరులు బయటకు వచ్చి వేరే సమాఖ్య నెలకొల్పుకున్నారు. ఎడబాటు తొమ్మిదేళ్లు సాగింది. అప్పటికి బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయిన గిరి, ఇరుపక్షాలను కలపడానికి చొరవ తీసుకున్నారు. 1938లో అదే నాగపూర్‌లో సయోధ్య కుదిరింది. విడిపోయిన చోటే తిరిగి కలుసుకోవడం అరుదైన సంగతి. 1942లో ఏఐటీయూసీ ఆయనను రెండవసారి అధ్యక్షునిగా ఎన్నుకున్నది. క్విట్ ఇండియా ఉద్యమ కాలమంతా వెల్లూరు, అమరావతి జైళ్లలో గడిచింది.

స్వాతంత్ర్యానంతరం సిలోన్‌లో హైకమిషనర్ పదవి, 1952లో కేంద్ర కార్మిక మంత్రిత్వం లభించాయి. యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని వివాదాలు తీర్చుకోవాలన్నది ఆయన విధానం. ఖరగ్‌పూర్ అనుభవం దాని వెనుక ఉన్నదనుకోవడంలో తప్పులేదు. 1954 ఆగస్టులో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా మంత్రి పదవికి రాజీనామా చేశారు. మరుసటి ఏడాది జోషి కన్నుమూశారు. 1957లో పార్వతీపురంలో గిరి ఓడిపోయారు. గిరిజన అభ్యర్థి జనరల్ స్థానం గెలవడం చెల్లుతుందా అన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, అక్కడా ఆయనకు ప్రతికూలంగానే ముగిసింది. పదవి లేదు, పెద్దదిక్కు లేరు. ఆ సంవత్సరమే కార్మిక రంగ పరిచయస్థులను, ఆచార్యులను కూడగట్టి ఇండియన్ సొసైటీ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్‌కు తొలి అధ్యక్షులయ్యారు. రాజకీయం చేయిచ్చినప్పుడు ఆయన సేదతీరింది ఆ పాత బాటలోనే.

తరువాత గవర్నరు పదవులు, ఉపరాష్ట్రపతి పదవి వచ్చాయి. 1969 ఆగస్టులో స్వతంత్ర అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డిపై నెగ్గి రాష్ట్రపతి అయ్యారు.

1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. దానికి ముందు నిలిచినది ఒకనాడు గిరి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన సమాఖ్యే. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. వేల మంది అరెస్టయ్యారు. మే 27న సమ్మె విరమించారు. మంత్రిమండలి సలహాకు కట్టుబడవలసిన రాష్ట్రపతికి రాజ్యాంగం ఇచ్చిన వెసులుబాటు స్వల్పం. ఒకప్పుడు కార్మికుల తరఫున కంపెనీతో తలపడిన మనిషి ఈసారి దేశాధినేత కుర్చీలో ఉండిపోయారు. ఈ వైపరీత్యాన్ని దాటవేస్తే ఆయన జీవితకథ అసంపూర్ణమే అవుతుంది.

ఆ ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న వరించింది. 1976లో ఆత్మకథ వెలువడింది. 1980 జూన్ 24న మద్రాసులో ఆయన కన్నుమూశారు. సమ్మె జరిగిన 1974లోనే ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. ఖరగ్‌పూర్ పరిసరాల తెలుగువారి మాటకు 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపింది.