నూలుమిల్లు నుండి వైద్యకళాశాలకు

ఆఫ్రికాకు వెళ్లిన మిషనరీగా డేవిడ్ లివింగ్‌స్టన్ గారిని మనమెల్లరము ఎరుగుదుము. ఆయన వైద్యవిద్యకు చేరిన మార్గము మనలో కొందరికే తెలియును. 1813లో స్కాట్లాండులోని బ్లాంటైరులో పుట్టెను. ఏడుగురు పిల్లలు పుట్టిన ఆ యింటికి ఒకటే గది. పదవ యేటనే నూలుమిల్లులో కూలికి చేరెను. పని ఉదయము 6 మొదలు రాత్రి 8 వరకు. మొదటి వారపు కూలిలో కొంత వెచ్చించి లాటిన్ వ్యాకరణము కొనెను. పుస్తకమును యంత్రముపై ఆనించి, దాని ప్రక్కగా పోవునప్పుడెల్ల ఒక్కొక్క వాక్యము చదువుకొనెను.

లేమికంటె గట్టి అడ్డు తండ్రి నీల్ గారు. ఆయన తేయాకు అమ్ముకొను భక్తిపరుడు. శాస్త్రగ్రంథములు విశ్వాసమును చెరుపునని ఆయన భయము. మన యిండ్లలోను ఈ భయము లేకపోలేదు. భక్తిగ్రంథమొకటి చదువననినందుకు కుమారుని కొట్టెను కూడ. చైనాకు వైద్య మిషనరీగా పోవలెనని కుమారుడు కోరిన పిమ్మట తండ్రి సమ్మతించెను.

1836 చలికాలమున తండ్రియు కుమారుడును మంచులో గ్లాస్గోకు నడచి, వీధులన్నియు తిరిగి, వారమునకు 2 షిల్లింగుల అద్దెగది వెదకిరి. ఫీజు 12 పౌనులు. మిల్లులో కూడబెట్టిన సొమ్ము చాలనప్పుడు అన్న ఆదుకొనెను. వేసవిలో మరల మిల్లుపనియే.

1840 నవంబరులో వైద్యపట్టా వచ్చెను. ఆ నెల 17వ తేదీన తండ్రి మరల ఆయనతో గ్లాస్గో ఓడరేవు వరకు నడచెను. కుమారుడు తిరిగి స్వదేశము చేరినది 1856 డిసెంబరులో. తండ్రి ఆ ఫిబ్రవరిలోనే కన్నుమూసెను.