కాశీయాత్రికుని జాబులు: ఏనుగుల వీరాస్వామయ్య

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటేయని మన పెద్దలనెడివారు. నేడు సామర్లకోట స్టేషనులో రైలెక్కువారికి ఈ సామెత నవ్వు పుట్టింపవచ్చును. కాని 1830వ సంవత్సరమున అది నవ్వులాట కాదు. రైలు లేదు, తంతి లేదు. పోయినవాడు తిరిగివచ్చిన నాడే వాని క్షేమము తెలియుట. అట్టి దినములలో ఒక యాత్రికుడు దారిపొడవునను తన మిత్రునికి జాబులు వ్రాయుచు పోయెను. ఆయనయే ఏనుగుల వీరాస్వామయ్య.

ఈయన చెన్నపట్నమున కాపురముండిన తెలుగువాడు. బాల్యముననే తండ్రిని గోల్పోయి, స్వయంకృషిచే ఇంగ్లీషు నేర్చి, సుప్రీముకోర్టులో ప్రధాన దుబాషీ యయ్యెను. దొరలకు జనుల మాటయు, జనులకు దొరల మాటయు తెలియజెప్పుట ఆయన పని. విన్నది విన్నట్లు చెప్పవలసిన ఆ వృత్తియే ఆయన కలమునకు నిదానము నేర్పినదని నాకు తోచును.

1830 మే 18వ తేదీన కుటుంబ స్త్రీలు, పరిచారకులు, బోయీలు కలిసి సుమారు నూరుగురు బయలుదేరిరి. తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరిరి. గయ, కలకత్తా, పూరీ చూచుకొని తూర్పుకోస్తా వెంట దిగివచ్చిరి. మన గోదావరి సీమయు ఆ దారిలోనిదే. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి.

కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసిన ఆ జాబులలో క్షేత్రమహిమలు కలవు. కాని మనకు అమూల్యమైనది తక్కినది. ఏ మజిలీ యెంత దూరము, అచట నీళ్లెట్టివి, బసకు సత్రమున్నదా, అంగడిలో బియ్యము దొరకునా, ఏ ఊర ఏ రూపాయి చెల్లును, ఏరు దాటుటకు పడవ కలదా అన్నియు వ్రాసెను. హైదరాబాదు వీధులలో ఆయుధములు పట్టి తిరుగువారిని గూర్చియు వ్రాసెను. కుంఫిణీ పాలనను ఆయన మెచ్చుకొనుట నేడు మనకు రుచింపదు. భాష మాత్రము అరవ, ఉర్దూ, ఇంగ్లీషు మాటలు కలిసిన నిత్యవ్యవహారపు తెనుగు. పండితులు ముఖము చిట్లింతురేమో కాని, చదువుచుండ మనిషి ఎదుట కూర్చుండి మాటలాడినట్లుండును.

సముద్రముల కావల అమెరికాలోను ఇట్టి కథ యొకటి కలదు. ఆ దేశము ఇంగ్లీషువారి వలసగా నుండి స్వాతంత్ర్యమునకై పోరు సాగించిన కాలమున, అబిగెయిల్ ఆడమ్సు అను ఇల్లాలు ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ వ్యవహారముల నున్న భర్తకు పొలము పనులు, ధరల మంట, గుండుసూదుల కరవు, మశూచి భయము జాబులుగా వ్రాసి పంపెను. వానిని ఆమె మనుమడు 1840లో అచ్చువేయించెను. మన వీరాస్వామయ్య జాబులు అంతకు రెండేండ్లు ముందే వెలువడినవి.

ఆ అచ్చుప్రతిని చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1836లోనే కాలధర్మము నొందెను. శ్రీనివాసపిళ్ళ ఆ కాగితములను పారవేయక దాచి, కూర్చి, 1838లో కాశీయాత్ర చరిత్రగా ప్రకటించెను. మిత్రుడు పోయిన పిమ్మట ఎవరడిగినారని ఆయన చేసెను? తరువాత ప్రతులు అరుదైపోగా, బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో దానిని మరల అచ్చొత్తించిరి.