గగనయానానికి పలక నిచ్చిన ఎడ్విన్ లింక్

మార్కాపురం పలకను చేతబట్టి ఓనమాలు దిద్దిన తెలుగువారు లక్షలాది మంది. మన గనులలోని రాతిని పలుచగా చీల్చి, నునుపు చేసి, కొయ్య చట్రంలో బిగించి బడిపిల్లలకు అందించిన ఊరు మనది. ఉర్దూ చదువుకొన్న ఇండ్లలో ఇదే పనికి తఖ్తీ ఉండేది. చెక్కపై ముల్తానీ మట్టి పూసి, ఆరబెట్టి, కలముతో అలిఫ్ బే రాసి, సాయంత్రం కడిగి, మరునాడు మరల పూసేవారు. పలకకైనా తఖ్తీకైనా ఉన్న గొప్ప సుగుణం ఒక్కటే. తప్పు రాసిన పిల్లవానికి నష్టం లేదు. తుడిచి మళ్ళీ రాయవచ్చును.

విమానం నడుపుట నేర్చుకొనేవానికి ఇటువంటి పలక చాలాకాలం లేదు. అక్కడ మొదటి తప్పే చివరి తప్పు కావచ్చును. గాలిలోకి ఎగిరిన తరువాతనే పాఠం, పాఠంలోనే పరీక్ష. ఈ కొరతను తీర్చినవాడు శాస్త్రవేత్త కాడు, సైనికాధికారి కాడు. వాద్యములు తయారుచేసే కర్మాగారంలో పెరిగిన ఒక యువకుడు. అతని పేరు ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్.

లింక్ 1904వ సంవత్సరం జూలై 26న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హంటింగ్టన్ అనే పట్టణంలో జన్మించినాడు. 1910లో కుటుంబం న్యూయార్కు రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌కు తరలివెళ్ళినది. అక్కడ తండ్రి, దివాలా తీసిన ఒక వాద్యముల సంస్థను కొని, దానిని లింక్ పియానో, ఆర్గన్ కంపెనీగా నిలబెట్టినాడు. మూకీ చిత్రాల కాలమది. తెరపై బొమ్మ కదులుతూ ఉంటే సంగీతం వినిపించుటకు సినిమాహాళ్ళలో పెద్ద పెద్ద ఆర్గన్‌లు ఉండేవి. పద్యనాటకంలోనో, ఖవ్వాలీలోనో మనం చూచే హార్మోనియం ఆ ఆర్గన్‌కు చిన్న తమ్ముడు వంటిది. రెండింటికీ ప్రాణం తిత్తులలోని గాలియే. ఎడ్విన్‌కు బడి చదువుపై ఆసక్తి అంతంత మాత్రమే. తిత్తులు, కవాటాలు, గాలి గొట్టాలు మాత్రం అతనికి చేతివ్రేళ్ళ కొసలపై ఉండేవి.

1920లో, పదహారేండ్ల వయస్సులో, కాలిఫోర్నియాలో అతడు మొదటిసారి విమాన విద్యకు డబ్బు కట్టినాడు. యాభై డాలర్లు, ఆనాటికి అది చిన్న మొత్తం కాదు. పాఠం చెప్పినవాడు సిడ్నీ చాప్లిన్, సుప్రసిద్ధ హాస్యనటుడు చార్లీ చాప్లిన్ అన్నగారు. ఆయన విమానాన్ని పైకి లేపి, పల్టీలు కొట్టించి, తలక్రిందులు చేసి, తిరిగి నేలకు దించినాడు. అంతే పాఠం! ఆ సమయమంతటిలో శిష్యుడు ఒక్కసారి కూడ చుక్కానిని తాకలేదు. ఈ విధంగా ఎవరికైనా ఏమి వస్తుందన్న ప్రశ్న లింక్ మనస్సులో నాటుకొన్నది. డబ్బు పోయిందన్న బాధ కంటే, పద్ధతి తప్పన్న బాధ అతనికి ఎక్కువగా ఉండినట్లున్నది.

తరువాత అతడు పట్టుదలతో విమానం నడుపుట నేర్చినాడు, సొంత విమానం సంపాదించినాడు, ఊరూరా విన్యాసాలు చూపి, ప్రయాణికులను త్రిప్పి పొట్ట పోసుకొన్నాడు. ఒకవైపు 1927లో మాటల సినిమా రావడంతో ఆర్గన్‌ల గిరాకీ పడిపోసాగినది. ఆ రోజులలోనే కర్మాగారం నేలమాళిగలో సుమారు ఏడాదిన్నర పాటు శ్రమించి లింక్ ఒక విచిత్ర యంత్రాన్ని తయారుచేసినాడు.

చూచేవారికి అది బొమ్మ విమానం. పొట్టి రెక్కలు, చిన్న తోక, ఒక మనిషి కూర్చొనే గుంట. దానిని ఒక కీలుపై నిలిపి, క్రింద ఆర్గన్ తిత్తులు అమర్చినాడు. లోపల కూర్చున్నవాడు కర్రను ముందుకు నెట్టితే, కవాటాలు తెరచుకొని ఒక తిత్తిలోని గాలి తగ్గి, మరొక దానిలో పెరిగి, ముక్కు క్రిందికి వంగుతుంది. ప్రక్కకు నెట్టితే ప్రక్కకు ఒరుగుతుంది. కాలితో తొక్కితే గిరగిర తిరుగుతుంది. పాట పలికించిన గాలియే పాఠం చెప్పసాగినది. పేటెంటుకు దరఖాస్తు చేయగా 1931లో లభించినది. ఆ సంవత్సరమే అతడు మేరియన్ క్లేటన్ అనే పత్రికా రచయిత్రిని వివాహమాడినాడు. వ్యాపారంలోను, తరువాతి సముద్రయానాలలోను ఆమె అతనికి తోడు నిలిచినది.

కాని కొనేవారేరీ? ఆర్థిక మాంద్యం ముమ్మరంగా ఉన్న కాలం. విమాన పాఠశాలలు ముఖం త్రిప్పుకొన్నవి. చివరకు ఆ యంత్రాలను జాతరలోని రంగులరాట్నం వలె వినోదశాలలకు అమ్ముకోవలసి వచ్చినది. నాణెం వేసి పిల్లలు ఎక్కి ఊగేవారు. ప్రాణాలు కాపాడవలసిన వస్తువు ఆటవస్తువుగా బ్రతికినది.

ఇక్కడ ఒక శరీరధర్మాన్ని గూర్చి చెప్పక తప్పదు. చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడినవారికి ఇది అనుభవమే. గిరగిర తిరిగి ఆగగానే, మనం నిలిచియున్నను భూమి తిరుగుతున్నట్లు తోచును. చెవి లోపలి గొట్టాలలోని ద్రవం వెంటనే ఆగకపోవుటయే దీనికి కారణం. కన్ను నేలను చూస్తూ ఉంటే ఈ భ్రమ క్షణంలో సర్దుకొంటుంది. మేఘంలో దూరిన వైమానికునికి నేల కనబడదు, దిక్చక్రం కనబడదు. ఒరిగిన విమానం తిన్నగా ఉన్నట్లును, తిన్నగా ఉన్నది ఒరిగినట్లును అతనికి తోచును. శరీరం చెప్పినది నమ్మినవాడు విమానాన్ని తానే నేలకు గుద్దుతాడు. ముందున్న గడియారపు పలకల వంటి పరికరాలను మాత్రమే నమ్మి నడుపుట నేర్వవలెను. ఈ విద్యను గాలిలో నేర్చుకొనుట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. అందుకే లింక్ తన యంత్రానికి పైన మూత బిగించి, లోపల పరికరాలు అమర్చినాడు. శిష్యుడు చీకటిలో పరికరాలు చూస్తూ నడుపును. గురువు బయట బల్ల వద్ద కూర్చొని, శిష్యుని మార్గాన్ని కాగితంపై సిరాతో గీస్తూ పోయే మూడు చక్రాల చిన్న బండిని చూచును. తప్పినచోట గీత వంకర పోవును. ఆ కాగితాన్ని చూపి, ఇక్కడ కొండ ఉన్నది, నీవు చనిపోయినావు అని గురువు నవ్వుతూ చెప్పగలడు!

1934 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్, ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన విమాన తపాలా ఒప్పందాలను రద్దుచేసి, ఆ పనిని సైనిక వైమానికులకు అప్పగించినాడు. భయంకరమైన చలికాలం, రాత్రి ప్రయాణం, మంచు. పరికరాలపై ఆధారపడి నడిపే అభ్యాసం ఆ యువకులలో పెక్కుమందికి లేదు. కొలది నెలలలో పదిమందికి పైగా మరణించినారు. దేశం గగ్గోలెత్తినది. అప్పుడు అధికారులకు బింగ్‌హామ్టన్ ఆటబొమ్మ గుర్తుకు వచ్చినది. నెవార్కు విమానాశ్రయంలో కలుసుకొనుటకు ఏర్పాటైనది. ఆ రోజు పొగమంచు దట్టంగా కమ్ముకొన్నది. ఇటువంటి వాతావరణంలో ఎవరూ రారని అధికారులు వెళ్ళిపోనుండగా, లింక్ తన విమానాన్ని ఆ మంచులోనుండి దించి, వారి ముందు నిలిచినాడు. ఇంతకు మించిన ఉపన్యాసం అవసరం లేకపోయినది. సైన్యం ఒక్కొక్కటి సుమారు 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది.

అటుపిమ్మట యుద్ధం వచ్చినది. నీలిరంగు పూసిన ఆ యంత్రానికి నీలిపెట్టె అన్న ముద్దుపేరు వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పదివేలకు పైగా నీలిపెట్టెలు తయారైనవి. వానిలో శిక్షణ పొందిన వైమానికుల సంఖ్య అయిదు లక్షలని చెప్పుదురు. చిత్రమేమనగా జపాను నౌకాదళం కూడ యుద్ధానికి చాలా ముందే వీనిని కొన్నది. పలక ఎవరి పిల్లవానిదని అడగదు గదా!

యుద్ధానంతరం సిమ్యులేటర్ అన్న పేరుతో ఈ విద్య పౌరవిమానయానంలో స్థిరపడినది. మన హైదరాబాదులోనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి కేంద్ర శిక్షణ సంస్థలో సిమ్యులేటర్లు ఉండేవి. ఇంజను మండుట, చక్రాలు తెరచుకొనకపోవుట వంటి ఆపదలను అచ్చట నేలపైననే కల్పించి, వైమానికునిచేత మరల మరల ఎదుర్కొనజేయుదురు. లింక్ యంత్రంలో బయటి దృశ్యమే లేదు, ఉండరాదు కూడ. నేటి యంత్రాలలో రన్‌వే, దీపాలు, కొండలు, వాన అన్నియు కంటి ముందు కదలును. 1980 ప్రాంతంలో బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజనీరు ఇంటి కంప్యూటరుపై విమానం నడిపే ప్రోగ్రాము తెచ్చినాడు. 1982లో మైక్రోసాఫ్ట్ దానిని చేపట్టినది. తొలినాడు కొండ అంటే నాలుగు గీతలు. నేడు ఔత్సాహికులు తమ ఊరి విమానాశ్రయాన్ని, చెరువును, గుట్టను తామే చిత్రించి అందులో చేర్చుచున్నారు. మన విద్యార్థులలోను ఈ ఆట తెలిసినవారున్నారు. వారికి ఒక్క మాట: ఇంటి ఆటలోని దృశ్యం ఎంత అందంగా ఉన్నను అధికారులు పరీక్షించి ఆమోదించిన శిక్షణయంత్రం కాదు. చిత్రించినవాడు గుట్టను వంద అడుగులు తక్కువ గీసినా ఆట సాగిపోవును. నిజమైన విమానంలో నేల దగ్గరైనదని హెచ్చరించే పరికరం కూడ తనలో దాచుకొన్న కొండల ఎత్తుల పట్టికనే నమ్మును. అందుచేత ఆ పట్టికలో పొరపాటు ఆటలోని పొరపాటు వంటిది కాదు.

కొండ, మబ్బు కలిస్తే ఏమగునో మన ప్రాంతానికి చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణించిన హెలికాప్టరు ప్రతికూల వాతావరణంలో నల్లమలలోని పావురాలగుట్ట వద్ద కూలి, ఆయనతోపాటు మరి నలుగురు మరణించినారు. గిద్దలూరు నుండి చూచినా, మార్కాపురం నుండి చూచినా పడమట నీలిగీత వలె కనిపించే ఆ కొండలే వానకాలంలో మబ్బులో మాయమగును.

లింక్ జీవితం ఇక్కడితో ముగిసియుంటే అది విజయగాథగా ఉండేది. 1954లో అతని సంస్థ మరొక పెద్ద సంస్థలో కలిసినది. తరువాత అతని మనస్సు ఆకాశం నుండి సముద్ర గర్భానికి మళ్ళినది. నీటి క్రింద మనిషి ఎక్కువకాలం నిలుచుటకు తగిన లోహపు గదులను నిర్మించినాడు. 1962లో మధ్యధరా సముద్రంలో మొదట తానే అరవై అడుగుల లోతున ఎనిమిది గంటలు గడిపి, ఆ తరువాతనే రాబర్ట్ స్టెన్యూయి అనే సాహసిని రెండు వందల అడుగుల లోతుకు పంపినాడు. ఇతరులను ఎక్కించే యంత్రంలో ముందు తానెక్కుట అతని అలవాటు.

1973 జూన్‌లో అతడు రూపొందించిన జాన్సన్ సీ లింక్ అనే చిన్న జలాంతర్గామి ఫ్లారిడా తీరంలో, ముంచివేసిన ఒక పాత యుద్ధనౌక శిథిలాలలో చిక్కుకొన్నది. లోపల నలుగురు. వెనుక గదిలో ఉన్నవారు లింక్ కుమారుడు క్లేటన్, అతని సహచరుడు ఆల్బర్ట్ స్టోవర్. ఆ గది అల్యూమినియంతో చేసినది. సముద్రపు చలి లోహం గుండా సులభంగా లోపలికి వచ్చినది. ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొనవలసిన రసాయనం ఆ చలికి పనిచేయుట మానినది. రక్షణ నౌకలు చేరి, జలాంతర్గామిని పైకి లాగుసరికి ముప్పై గంటలు దాటినది. ముందు గదిలోని ఇద్దరు బ్రతికినారు. క్లేటన్, స్టోవర్ బ్రతుకలేదు. క్లేటన్ వయస్సు అప్పటికి 31 సంవత్సరాలు.

వైమానికుల ప్రాణాలు నిలిపిన చేతులు చేసిన యంత్రంలోనే కన్నకొడుకు పోయినాడు. మరొకరైతే ఆ పని నుండి తప్పుకొనేవారే. లింక్ రెండేండ్ల లోపే మరల బల్ల ముందు కూర్చున్నాడు. కెమెరాను, దీపాలను మోసుకొని, మనిషి లేకుండ తీగతో క్రిందికి దిగి, చిక్కుకొన్న జలాంతర్గామిని చూచి విడిపించగల పరికరాన్ని తయారుచేయించినాడు. అది ముందే ఉండియుంటే అన్న ఆలోచన ఆ తండ్రిని ఎన్ని రాత్రులు మేల్కొలిపినదో మనం ఊహించుకోవలసినదే.

1981 సెప్టెంబరు 7న బింగ్‌హామ్టన్‌లో లింక్ కన్నుమూసినాడు. ఆ ఊరి విమానాశ్రయానికి అతని పేరు పెట్టినారు.