ఇంగ్లీషు తప్పి ఉపకార వేతనం పోగొట్టుకున్న రామానుజన్

ఆదుకున్న నెల్లూరు కలెక్టరు

లెక్కల్లో ప్రపంచం మెచ్చిన శ్రీనివాస రామానుజన్ ఇంగ్లీషు తప్పి ఉపకార వేతనం పోగొట్టుకున్నారంటే నమ్మబుద్ధి కాదు. కాని అది నిజం. తర్వాతి కష్టకాలంలో ఆయనను ఆదుకున్నది నెల్లూరు జిల్లా కలెక్టరు కావడం మన జిల్లావాసులకు గర్వకారణం.

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళ ప్రాంతంలోని ఈరోడులో పుట్టి కుంభకోణంలో పెరిగారు. తండ్రి బట్టల కొట్టులో గుమాస్తా. జీతం నెలకు 20 రూపాయలు. 1904లో రామానుజన్ మెట్రిక్ ప్యాసై గణితంలో బహుమతి పొందారు. ఆ ప్రతిభకు కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకార వేతనం లభించింది.

అయితే అది నిలవాలంటే లెక్కలొక్కటే చాలదు, మిగతా సబ్జెక్టులూ గట్టెక్కాలి. రాత్రింబగళ్లు లెక్కల్లోనే మునిగిన రామానుజన్ ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పారు. ఉపకార వేతనం రద్దయింది. టర్ము ఫీజు 32 రూపాయలు, అంటే తండ్రి నెలన్నర జీతం. తల్లి ప్రిన్సిపాలును కలిసి వేడుకున్నా నియమం మారలేదు. 1905 ఆగస్టులో ఆ పదిహేడేళ్ల కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వెళ్లిపోయారు. ఇంటివారు పత్రికలో ప్రకటన వేయించి వెతికించారు. ఆ తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఏ. రెండుసార్లు తప్పారు.

1910 చివరలో లెక్కల నోటు పుస్తకాలు చంకన పెట్టుకుని నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావును ఆశ్రయించారు. గణితం తెలిసిన ఆ కలెక్టరు డిగ్రీ అడగలేదు. మద్రాసులో ఉండి లెక్కలు చేసుకొమ్మని నెలకు 25 రూపాయలు పంపారు. ఉపకార వేతనానికి చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. ఒకరికి భారం కావడం ఇష్టంలేక 1912 మార్చిలో రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తాగా చేరారు.

ఆయన పని చూసిన వాతావరణ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు విశ్వవిద్యాలయానికి సిఫారసు లేఖ రాశారు. డిగ్రీ లేకపోయినా 1913 మే నుంచి విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. మూడు నెలలకోసారి చేసిన పని నివేదించాలన్నది షరతు. ఈసారి రామానుజన్ షరతు తప్పలేదు. 1914లో ఏడాదికి 250 పౌన్ల వేతనంపై ఇంగ్లండు వెళ్లారు. అందులో 50 పౌన్లు ఇంటివారికే కేటాయించారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

ఆయన కథలో మన పల్లె విద్యార్థులు గమనించవలసింది ఒకటుంది. ఉపకార వేతనం రావడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం మరొక ఎత్తు. ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు రావాలో, ఏ కాగితం ఎప్పటికి ఇవ్వాలో దరఖాస్తు నాడే చదివి తెలుసుకోవాలి. తెలివికి ఇచ్చే సహాయం వేరు, పేదరికాన్ని చూసి ఇచ్చే సహాయం వేరు. ఒకటి చేజారితే రెండవదానికి అడగడంలో సిగ్గుపడనక్కరలేదు.

ఈ తేడా రామానుజన్‌కు అనుభవంలో తెలుసు. 1919లో విశ్వవిద్యాలయం మళ్లీ ఏడాదికి 250 పౌన్లు మంజూరు చేసినప్పుడు అంత సొమ్ము తనకు అక్కరలేదని, తన ఖర్చులు, తల్లిదండ్రులకు 50 పౌన్లు పోగా మిగిలినది పేద పిల్లల, అనాథల ఫీజులకు, పుస్తకాలకు వాడమని లేఖ రాశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే, మద్రాసులో కన్నుమూశారు.