హుగ్లీ వారధికి విద్యాసాగరుని పేరు

కలకత్తా, హౌరా నగరాలను కలుపుతూ హుగ్లీ నదిపై నిర్మించిన రెండవ వారధి 1992 అక్టోబరు 10న ప్రారంభమైంది. సుమారు 823 మీటర్ల పొడవైన ఈ తీగల వంతెనకు ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పేరు పెట్టారు. ఆ మహనీయుని జీవితానికీ ఆ నదికీ అనుబంధం పాతదే.

1820 సెప్టెంబరు 26న మిడ్నపూర్ జిల్లా బీర్‌సింగ గ్రామంలోని పేద బ్రాహ్మణ కుటుంబంలో ఆయన జన్మించారు. ఎనిమిదవ ఏట చదువు నిమిత్తం తండ్రి వెంట కాలినడకన కలకత్తాకు బయలుదేరి, దారిలోని మైలురాళ్లను చూసి ఇంగ్లీషు అంకెలు నేర్చుకున్నారు. ఆనాడు హుగ్లీని దాటడానికి పడవే దిక్కు.

సంస్కృత కళాశాలలో చదివి విద్యాసాగర బిరుదు పొందిన ఆయన, 1851లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. అంతవరకు అగ్రవర్ణాలలోనూ కొందరికే పరిమితమైన ప్రవేశాన్ని ఇతర కులాల వారికీ కల్పించారు. 1855లో వెలువరించిన వర్ణపరిచయం తరతరాల బెంగాలీ బాలలకు అక్షరాలు నేర్పింది. 1857-58లో 35 బాలికా పాఠశాలలు నెలకొల్పారు. వాటి వ్యయం భరించడానికి ప్రభుత్వం వెనుకాడింది. 1858లో ఆయన ఉద్యోగానికి రాజీనామా చేశారు.

వితంతు పునర్వివాహానికి శాస్త్ర సమ్మతి ఉందని శాస్త్రాల నుంచే నిరూపించి, చట్టం చేయవలసిందిగా ప్రభుత్వానికి విజ్ఞాపన సమర్పించారు. వ్యతిరేకుల విజ్ఞాపనలపై సంతకాలు ఎన్నో రెట్లు ఎక్కువైనా 1856 జూలై 26న చట్టం వెలువడింది. అదే ఏడాది డిసెంబరు 7న కలకత్తాలో తొలి వివాహం జరిగింది. ఇటువంటి పెళ్లిళ్ల ఖర్చులు తానే భరించి ఆయన అప్పుల పాలయ్యారు. 1870లో తన కుమారునికి సైతం వితంతువుతోనే వివాహం జరిపించారు. చరమదశలో చాలాకాలం కర్మాటాడ్‌లో సంతాలుల మధ్య గడిపి, 1891 జూలై 29న కలకత్తాలో కన్నుమూశారు.

చరిత్రలోని కొన్ని యాదృచ్ఛికాలు ఆశ్చర్యం గొలుపుతాయి. చట్టం వెలువడిన జూలై చివరి వారంలోనే, 35 ఏళ్ల తరువాత ఆయన మరణించారు. కలకత్తా తొలి వితంతు వివాహానికి పాతికేళ్లు నిండిన నాలుగు రోజులకే, 1881 డిసెంబరు 11న, దక్షిణదేశ విద్యాసాగరునిగా పేరొందిన కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. విద్యాసాగర్ తీర్చిదిద్దిన మెట్రోపాలిటన్ విద్యాసంస్థ 1872లో కళాశాల అయింది. సరిగ్గా నూరేళ్లకు, 1972లో, ఈ వారధికి శంకుస్థాపన జరిగింది.

శంకుస్థాపన నాటి నుంచి వారధి పూర్తికి ఇరవై ఏళ్లు పట్టింది. చట్టం తెరిచిన దారిలో సమాజం నడవడానికి అంతకన్నా ఎంతో ఎక్కువ కాలం పట్టింది.