సముద్రపక్షులకు చట్టరక్షణ సాధించిన ఆల్‌ఫ్రెడ్ న్యూటన్

ఇంగ్లండ్ తూర్పు తీరాన, యార్క్‌షైర్‌లో, బెంప్టన్ సుద్దరాతి కొండలు సముద్రం మీదికి నిట్టనిలువుగా నిలిచి ఉంటాయి. ఏటా వసంతం రాగానే గ్యానెట్లు, కిట్టివేక్‌లు, పఫిన్లు లక్షల సంఖ్యలో అక్కడికి చేరి సంతానాన్ని పెంచుకుంటాయి. కింది నీళ్లలో సీల్‌లు, పార్పాయిస్‌లు కనిపిస్తుంటాయి. నేడు సందర్శకులు బైనాక్యులర్లతో వచ్చే ఈ తీరానికి ఒకప్పుడు జనం తుపాకులతో వచ్చేవారు. ఆ వేటకు అడ్డుకట్ట వేసిన చట్టానికి బాటలు పరచిన వారిలో ప్రముఖుడు ఆల్‌ఫ్రెడ్ న్యూటన్.

ఆయన 1829 జూన్ 11న జెనీవాలో జన్మించారు. బాల్యంలోనే ఒక కాలు దెబ్బతిన్నా పక్షుల అన్వేషణలో దూరప్రయాణాలకు వెనుదీయలేదు. 1858లో మిత్రుడు జాన్ వూలీతో కలిసి ఎగరలేని గ్రేట్ ఆక్ పక్షి కోసం ఐస్‌లాండ్ వెళ్లారు. దాని చివరి స్థావరమైన ఎల్డే దీవికి చేరేందుకు దాదాపు రెండు నెలలు వేచి ఉన్నా సముద్రం శాంతించలేదు. అయితే 1844లో అక్కడ చివరి జంటను చంపిన వేటలో పాల్గొన్నవారి కథనాలు మాత్రం వారికి లభించాయి. ఒక జాతి మనుషుల చేతుల్లోనే, మనుషుల జ్ఞాపకంలోనే అంతరించగలదని న్యూటన్ గ్రహించారు.

1866లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులయ్యారు. ఆ రోజుల్లో బెంప్టన్ పక్కనే ఉన్న ఫ్లాంబరో తీరంలో వినోదం కోసం, స్త్రీల టోపీలకు ఈకల కోసం పక్షులను పడవల మీదినుంచి కాల్చేవారు. తల్లిపక్షి నేలకూలితే గూటిలోని పిల్లలు ఆకలితో మరణించేవి. 1868లో నార్విచ్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో న్యూటన్ ఈ క్రూరత్వాన్ని ఎండగట్టి, సంతానోత్పత్తి కాలంలో వేటను నిషేధించాలని కోరారు. పొగమంచులో పక్షుల అరుపులే నావికులకు కొండల జాడ తెలిపేవి గనుక స్థానికులూ ఉద్యమించారు. ఫలితంగా 1869లో సముద్రపక్షుల సంరక్షణ చట్టం వచ్చింది. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 1 వరకు వేట నేరమైంది.

ఆ చట్టం గుడ్లకు రక్షణ ఇవ్వలేదు. బెంప్టన్‌లో తాళ్లతో కొండ దిగి గుడ్లు ఏరే ఆచారం 1954లో గానీ ఆగలేదు. న్యూటన్ 1907 జూన్ 7న కన్నుమూశారు. అరుదైపోయాక కాపాడటం కాదు, సమృద్ధిగా ఉన్నప్పుడే కాపాడుకోవాలన్నది గ్రేట్ ఆక్ ఆయనకు నేర్పిన పాఠం. ఆ పాఠం సకాలంలో చట్టమైనందునే బెంప్టన్ కొండలు నేటికీ మూగబోలేదు.