కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే



ఈసారి గోడపత్రికలో నేను మైకేల్ ఫారడే గారి జీవితం రాస్తున్నాను. తొమ్మిదో తరగతిలో పరమాణువులు, సంయోజకతలు, ఫార్ములాలు మొదలయ్యేసరికి మన రూములో సగం మందికి భయం పట్టుకుంది. ఆ ఇంగ్లీషు గుర్తులు చదువుకున్నోళ్ళ పిల్లలకే వస్తాయి, ఇంటర్లో మనం సైన్సు గ్రూపు జోలికి పోవద్దు అని ఇప్పుడే తీర్మానం చేసేసుకున్నారు. దసరా సెలవుల్లో మా చిన్నాయన కూడా అదే మాట అన్నాడు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు, కాబట్టి ఆయనకి ఏం చెప్పాలో నాకు మాట దొరకలేదు. ఫారడే గారి గురించి చదివినాక దొరికింది.

ఆయన 1791 సెప్టెంబరు 22న ఇంగ్లండులో, లండన్ పక్కన పుట్టారు. వాళ్ళ నాన్న కమ్మరి. జబ్బు మనిషి, రోజూ పనికి పోలేకపోయేవాడు. 1801లో ధరలు బాగా పెరిగినప్పుడు ఈ పిల్లవానికి వారం మొత్తానికి ఒక్క రొట్టె ఇచ్చేవారంట. మనకి హాస్టల్లో మూడు పూటలా అన్నం ఉంది గదా. బడిలో ఆయన నేర్చుకున్నది చదవడం, రాయడం, కొంచెం లెక్కలు, అంతే.

1804లో ఒక పుస్తకాల షాపులో చేరి ఇంటింటికీ పేపర్లు వేశారు. 1805లో అదే షాపులో బైండింగ్ పని నేర్చుకోవడానికి ఏడేళ్ళ ఒప్పందం మీద కుదిరారు. అప్పుడాయనకు పద్నాలుగేళ్ళు. ఇప్పుడు నాకూ అంతే.

కుట్టడానికి వచ్చిన పుస్తకాలను ఆయన ఊరకే కుట్టి ఇచ్చేయలేదు, చదివారు. అందులో ఒకటి జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయన శాస్త్ర పుస్తకం. అందులో ఒక టీచరమ్మ ఎమిలీ, కరోలిన్ అనే ఇద్దరు ఆడపిల్లలకు మాటల్లోనే పాఠం చెప్తుంది. వాళ్ళు అడ్డం పడి ప్రశ్నలు వేస్తుంటారు. 1806లో మొదటిసారి అచ్చయినప్పుడు దాని మీద ఆవిడ పేరు కూడా వేయలేదు. ఆడమనిషి ఆడపిల్లల కోసం రాసిన పుస్తకం చదివి ఫారడే గారు రసాయన శాస్త్రం మొదలుపెట్టారంటే నాకు భలే సంతోషం వేసింది.

ఆయన పుస్తకంలో ఉంది గదా అని నమ్మేయలేదు, బట్టీ కూడా పట్టలేదు. తన దగ్గరున్న కొద్ది డబ్బులతో చేయగలిగిన చిన్న ప్రయోగాలు తానే చేసి చూశారు. రాసినట్టే జరిగింది. అప్పుడు నమ్మారు.

1812లో షాపుకు వచ్చే ఒకాయన, సర్ హంఫ్రీ డేవీ అనే గొప్ప రసాయన శాస్త్రవేత్త ఉపన్యాసాలకు టికెట్లు ఇప్పించారు. ఫారడే గారు నాలుగు ఉపన్యాసాలు విని, అన్నీ రాసుకుని, బొమ్మలు వేసి, తానే బైండింగ్ చేశారు. 300 పేజీలు దాటింది. దాన్ని డేవీ గారికి పంపి పని అడిగారు. మొదట ఖాళీ లేదన్నారు. తర్వాత అక్కడి ప్రయోగశాల సహాయకుడు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అలా 1813 మార్చి 1న రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫారడే గారికి పని దొరికింది. జీతం వారానికి 25 షిల్లింగులు, ఉండటానికి పైన గదులు.

అది సుఖమైన పని కాదు. ఆ ఏడే నైట్రోజన్ ట్రైక్లోరైడ్ పేలి చేతికి దెబ్బ తగిలింది. 1823లో గాజు గొట్టం పేలితే కంట్లోంచి 13 గాజు ముక్కలు తీశారు. అందుకే ల్యాబ్‌లో మన సారు దూరంగా నిలబడమంటే నిలబడాలి.

క్లోరిన్ వాయువును ద్రవంగా మార్చారు. 1825లో బెంజీన్ కనిపెట్టారు. 1831లో అయస్కాంతంతో కరెంటు పుట్టించారు. మన పుస్తకంలో అయాన్ అనే మాట ఉంది గదా, అది ఆయన వాడుకలోకి తెచ్చిందే. ఇంత చేసినాయనకు పెద్ద లెక్కలు రావు! అంత గొప్పవారైనాక కూడా తన వ్యాసాలు మార్సెట్ గారికి పంపేవారు.

పిల్లల కోసం క్రిస్మస్ సెలవుల్లో 19 సార్లు ఉపన్యాసాలు ఇచ్చారు. 1860లో మొదలైన చివరిసారి, ఆరు ఉపన్యాసాలూ ఒక్క కొవ్వొత్తి గురించే. ఊదేసిన కొవ్వొత్తి నుంచి పొగ లేస్తుంటే, వత్తికి తగలకుండా పైన పొగలో మంట పెడితే అది కిందికి దిగి వత్తిని మళ్ళీ వెలిగిస్తది. ఐసు, ఉప్పు వేసిన గిన్నెను మంట మీద పట్టుకుంటే అడుగున నీటి బొట్లు పడతాయి. మంటలోంచి నీళ్ళు! 1867 ఆగస్టు 25న ఆయన చనిపోయారు.

మేడం గారు ఒప్పుకుంటే ఆదివారం వరండాలో ఈ రెండూ చేసి చూద్దాం. కొవ్వొత్తి, అగ్గిపెట్టె మేడం గారి దగ్గరే ఉన్నాయి. ఐసు మాత్రం లేదు. చల్లటి కుండ నీళ్ళు పోసిన స్టీలు గ్లాసుతో బొట్లు వస్తాయో రావో నాకు తెలీదు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని